అమ్మతో వెలిగమ అలల మీద: దక్షిణ శ్రీలంకలో ఏడు రోజుల విహారంపై సమీక్ష

ఈ ఫిబ్రవరిలో మా అమ్మా నేనూ శ్రీలంక దక్షిణ తీరాన వెలిగమ అనే ఊరిలో మకాం పెట్టి, ఏడు రోజుల పాటు సముద్రంలోనూ దాని ఒడ్డునా గడిపి వచ్చాము. ఏర్పాట్లన్నీ ఒక యాత్రా సంస్థకు అప్పగించాము. బస, ఉదయపు ఫలహారం, విమానాశ్రయం నుంచి కారు, మూడు పూటల సర్ఫింగ్ (బోర్డు మీద అలలతో జారే ఆట) పాఠాలు, తిమింగలాలను చూపించే పడవ, సరస్సులో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) విహారం, ఒక పూట స్నార్కెలింగ్ (మాస్కు, నోటి గొట్టం పెట్టుకుని నీటి అడుగు చూస్తూ ఈదడం), గాలె కోట సందర్శన, అన్నీ కలిపి ‘అన్ని వయసులవారికీ చురుకైన సముద్రతీర విహారం’ అనే పేరుతో వారు అమ్ముతున్న ప్యాకేజీ ఇది. విమానం టికెట్లు కాకుండా ఇద్దరికీ కలిపి లక్షా ముప్పై వేల రూపాయలు దాటింది. సంస్థ పేరు రాయడం లేదు. పాఠాలు చెప్పినవారు, పడవ నడిపినవారు, వండి పెట్టినవారు అందరూ వేర్వేరు మనుషులు. ఆ తీరానికి ఎవరి ద్వారా వెళ్ళినా దాదాపు ఇవే పనులు ఎదురవుతాయి. పెద్ద వయసు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునేవారికి వాటిలో ఏది ఎలా ఉంటుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా అమ్మ సంగతి చెప్పాలి. వయసు 63. కోనసీమలో కాలువ గట్టు మీది ఊరిలో పుట్టింది, అరటి బోదె పట్టుకుని ఏడో ఏటనే ఈత నేర్చింది, ప్రాథమిక పాఠశాలలో 31 ఏళ్ళు పంతులమ్మగా పనిచేసి రిటైరయింది. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. నేనేమో హైదరాబాదులో అపార్ట్‌మెంటు కొలనులో, నాలుగడుగుల లోతు దాటకుండా ఈత నేర్చినదాన్ని. నీళ్ళ విషయంలో మా ఇద్దరిలో ఎవరికి ఎవరు తోడో ఈపాటికి చదువరులకు అర్థమై ఉంటుంది. సంస్థకు మాత్రం అర్థం కాలేదు. వారి దరఖాస్తులో ‘తోడు వచ్చేవారి వయసు’ అన్న గడిలో 63 అని నింపగానే నా పేరు కింద సర్ఫింగ్, కయాక్, స్నార్కెలింగ్ అనీ, అమ్మ పేరు కింద నీడలో కుర్చీ, మూలికల నూనెతో మర్దన, బజారు అనీ పట్టిక తయారై వచ్చింది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, “నన్ను క్లోక్ రూములో పెట్టి, నువ్వు ఆడుకుని వచ్చాక రసీదు చూపించి విడిపించుకుపోతావన్నమాట” అన్నది.

రెండు మెయిళ్ళు రాసిన తర్వాత డాక్టరు ధ్రువపత్రం అడిగి, పట్టిక మార్చారు. ధ్రువపత్రం అడగడం సబబే. నిజానికి దాన్ని నన్ను కూడా అడగవలసింది. మనిషిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, కాదన్నాక కాగితం అడగడమే నాకు నచ్చలేదు. అప్పటి నుంచి ఆ వారంలో మాకు ఎదురైన ప్రతి సేవనూ ఒకే కొలతతో చూడడం నాకు అలవాటైంది: “ఏం చేయగలరు?” అని అమ్మను అడిగారా, లేక “ఆవిడ వల్ల అవుతుందా?” అని నన్ను అడిగారా.

ప్రయాణం సులువే. హైదరాబాదు నుంచి కొలంబోకు నేరుగా విమానం ఉంది, దాదాపు రెండు గంటలు పడుతుంది. విమానాశ్రయం నగరానికి ఉత్తరాన కటునాయకలో ఉన్నా, అక్కడి నుంచి దక్షిణాన మాతర దాకా ఎక్స్‌ప్రెస్ రహదారి ఉన్నందువల్ల కొలంబో రద్దీలోకి దిగకుండానే మూడు గంటల లోపు వెలిగమ చేరాము. ఆలోచించుకోవలసింది దూరం గురించి కాదు, నెల గురించి. నైరుతి రుతుపవనం మే నుంచి సెప్టెంబరు దాకా ఈ తీరాన్ని నేరుగా మోదుతుంది; ఆ నెలల్లో ఇక్కడి సముద్రం మట్టి రంగుకు తిరిగి, కెరటాలు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడతాయి. అప్పుడు వెళ్ళేవారు ద్వీపానికి తూర్పు వైపున ఉన్న అరుగం బే, త్రికోణమలి ప్రాంతాలను ఎంచుకుంటారు. దక్షిణ తీరానికి డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా మంచి కాలం. మాకు ప్యాకేజీ అమ్మిన సంస్థ మాత్రం అదే పట్టికను, అవే నీలి ఫోటోలతో జూన్‌లో కూడా అమ్ముతున్నది. ధర కొంత తగ్గించింది కానీ, ఎందుకు తగ్గించిందో ఎక్కడా చెప్పలేదు. తల్లిదండ్రులను తీసుకుని పిల్లల వేసవి సెలవుల్లో వెళదామనుకునే మన కుటుంబాలు సరిగ్గా ఈ గోతిలోనే పడతాయి.

బస గురించి రెండు మాటలు చాలు. తీరానికి నడక దూరంలో, కొబ్బరి తోపులో ఉన్న అయిదు గదుల ఇల్లు. గది శుభ్రంగా ఉంది, దోమతెర చిరుగు లేకుండా ఉంది. మాకు ఇచ్చింది మేడ మీది గది. మెట్లు నిటారుగా ఉన్నాయి, ఒక పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాలి సంగతి దరఖాస్తులో రాశాము. ఇంటి యజమానురాలు అమ్మ మెట్లు ఎక్కడం ఒక్కసారి చూసి, మేము నోరు తెరవకముందే మరునాటికి కింది గది ఖాళీ చేయించి ఇచ్చింది.

ఇక అసలు విషయం సర్ఫింగ్. సింహళంలో ‘వెలి’ అంటే ఇసుక, ‘గమ’ అంటే ఊరు. పేరుకు తగ్గట్టే వెలిగమ అఖాతం నెలవంకలా విశాలంగా వంగి ఉండి, అడుగున రాళ్ళు గానీ పగడపు గట్లు గానీ కాక చాలా దూరం ఇసుకే ఉంటుంది. లోతు నెమ్మదిగా పెరుగుతుంది కనుక అలలు దూరంగా విరిగి, నడుము లోతులోకి వచ్చేసరికి నురగగా మారి మెత్తగా తోస్తాయి. సర్ఫింగ్ మొదటిసారి నేర్చుకునేవారు ప్రపంచం నలుమూలల నుంచి ఈ ఊరికి రావడానికి కారణం ఇదే. పడినా పెద్దగా దెబ్బ తగలదు, ముక్కులోకి ఉప్పునీళ్ళు మాత్రం పోతాయి. నేర్చుకునేవారికి ఇచ్చే బోర్డులు పైన మెత్తటి ఫోము ఉన్నవి, తొమ్మిదడుగుల పొడవు ఉంటాయి. బోర్డు ఎంత పొడవుగా, వెడల్పుగా ఉంటే నీటి మీద అంత నిలకడగా ఉంటుంది. చీలమండకు కట్టే తాడు వల్ల మనం పడినా బోర్డు కొట్టుకుపోదు.

మా గురువు ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు, ఆ ఊరివాడే. ఒడ్డున బోర్డులు పరచి, నన్ను ఒక్కసారి పలకరించి, తర్వాత నేరుగా అమ్మ ముందు ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు. “అమ్మా” అని మొదలుపెట్టాడు. సింహళంలోనూ అమ్మ అంటే అమ్మే, అక్క అంటే అక్కే. తమ్ముణ్ణి ‘మల్లి’ అంటారు, కొడుకును ‘పుతా’ అంటారు. అతను వచ్చీరాని ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు అడిగాడు. నీళ్ళలో ముఖం పెట్టి ఎంతసేపు ఉండగలవు? మోకాళ్ళ మీద నొప్పి లేకుండా ఎంతసేపు కూర్చోగలవు? నీకు భయం వేసినప్పుడు అరుస్తావా, మౌనంగా ఉంటావా? మూడో ప్రశ్న విని నేను నవ్వాను, అమ్మ నవ్వలేదు. “మౌనంగా ఉంటాను” అన్నది. అయితే చెయ్యి పైకెత్తు, నేను నీ చేతినే చూస్తుంటాను అన్నాడతను. అరవై దాటినవారికి పాఠం చెప్పేటప్పుడు తెలుసుకోవలసింది ఏమిటో ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది. నా వయసు వారిని అడగడానికి అతనికి ప్రశ్నలేమీ అవసరం లేకపోయింది. నన్ను తిన్నగా నీళ్ళలోకి పంపాడు, మొదటి గంటలో పదకొండుసార్లు పడ్డాను.

మొదటి పూట అమ్మను లేవనివ్వలేదు. బోర్డు మీద బోర్లా పడుకుని, గడ్డం పైకెత్తి, రెండు చేతులతో అంచులు పట్టుకోవడం, అల వెనుక నుంచి వచ్చినప్పుడు అతను బోర్డును తోయడం, నురగతో పాటు ఒడ్డు దాకా జారిపోవడం, ఇంతే. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, నడుముకూ భుజాలకూ మంచి పని పడుతుంది. రెండో పూట మోకాళ్ళ కింద మెత్తటి గుడ్డ మడిచి కట్టి, మోకాళ్ళ మీద కూర్చోవడం నేర్పాడు. కుడి మోకాలి మీద బరువు పడకుండా ఎడమ వైపుకు ఒరిగి కూర్చోవడం అమ్మే కనిపెట్టింది. మూడో పూట నిలబడతావా అని అడిగాడు. అమ్మ కాసేపు ఆలోచించి, వద్దని చెప్పింది. కూర్చునే మరో పది అలలు కావాలన్నది. అతను బతిమాలలేదు, ప్రోత్సహించే ఉపన్యాసం ఇవ్వలేదు, ‘హరి హరి’ అని బోర్డు తిప్పాడు. ‘హరి’ అంటే సరే అని అర్థమట. అమ్మ మాత్రం ఆ మాట వినబడినప్పుడల్లా లోపల దణ్ణం పెట్టుకున్నదని తర్వాత ఒప్పుకున్నది.

ఒక విషయంలో గురువూ శిష్యురాలూ కొంత వాదించుకున్నారు. అమ్మకు ఈత మీద ధీమా ఎక్కువ. రెండో రోజు పాఠం ముగిశాక, కెరటాలు లేకుండా నున్నగా ఉన్న చోటు చూసి అటువైపు ఈదబోయింది. అతను పరుగున వెళ్ళి ఆపాడు. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట దారి చేసుకుని వెనక్కి వెళ్ళాలి. ఆ దారిలో అలలు విరగవు, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, తెలియనివారు అదే క్షేమమైన చోటని దిగుతారు. దానినే రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం నుంచి బయటపడిన తర్వాతే ఒడ్డుకు తిరగాలి. అతను ఇసుక మీద పుల్లతో గీసి ఇదంతా చూపించాడు. అమ్మ గీతలు చూసి, కాలువలోనూ ఇంతే, వరద నీటికి ఎదురు వెళ్ళరు, ఏటవాలుగా జారుతూ కిందికి పోయి గట్టు పట్టుకుంటారు అన్నది. నేను అనువదించాను. ఇద్దరూ ఒకరినొకరు అంగీకరించిన పంతుళ్ళలా తలలాడించుకున్నారు. మన వైపు బాపట్ల నుంచి భీమిలి దాకా ప్రతి సెలవు రోజునా కెరటాలకు బలయ్యేవారి వార్తలు చదువుతుంటాము. పుల్లతో ఇసుక మీద రెండు గీతలు గీసి ఇంత వివరంగా చెప్పినవారు మన తీరంలో నాకు ఇప్పటివరకూ ఎదురుకాలేదు.

కొగ్గల సరస్సులో కయాక్ విహారం రెండో స్థానం. వెలిగమ నుంచి గాలె వెళ్ళే దారిలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పెద్ద ఉప్పుటేటి సరస్సు ఇది. మడ చెట్లు, చిన్న చిన్న లంకలు, నీటికాకులు. ఇద్దరు కూర్చునే కయాక్‌లో బలమైనవారు వెనుక కూర్చోవాలని అక్కడి మనిషి చెప్పి, నన్ను వెనుకకు పంపాడు. పావుగంట తర్వాత కయాక్ గుండ్రంగా తిరుగుతూ ఉంటే మళ్ళీ ఒడ్డుకు పిలిచి, ఏమీ అనకుండా మా ఇద్దరి స్థానాలు మార్చాడు. ఆ తర్వాత గంటన్నర తిన్నగా నడిచింది. పొద్దున ఏడింటికే నీళ్ళ మీద ఉండడం అవసరం. తొమ్మిది దాటితే నీటి మీది ఎండ ముఖానికి కింది నుంచి కూడా కొడుతుంది, టోపీ ఆపలేదు.

ఒక లంకలో దాల్చిన చెక్క ఒలిచి చూపించారు. లేత కొమ్మ పై బెరడు గీకేసి, లోపలి పలుచని పొరను మాత్రమే తీసి, ఒకదానిలో ఒకటి చుట్టి ఆరబెడతారు. చుట్టలా పొరలు పొరలుగా ఉంటుంది, వేలితో నొక్కితే విరుగుతుంది. మన కిరాణా కొట్లలో దాల్చిన చెక్క పేరుతో తరచూ దొరికే మందపాటి గట్టి చెక్క దీనికి దాయాదైన కాసియా. అమ్మ వాసన చూసి, ఇన్నాళ్ళూ బిర్యానీలో వేసినదేమిటని అడిగింది. అక్కడ ధర ఊరి బజారు కంటే రెట్టింపు ఉన్నది కనుక ప్రదర్శన చూసి, కొనుగోలు మాత్రం వెలిగమ సంతలో చేసుకోవడం మంచిది.

ఈ సరస్సుకు మనకు సంబంధించిన కథ ఒకటి ఉంది, దారి చూపినవారెవరూ చెప్పలేదు కానీ నేను చదివి వెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధంలో నీటి మీద దిగే కాటలినా విమానాలను బ్రిటిష్ వైమానిక దళం ఇక్కడ నిలిపింది. 1942 ఏప్రిల్ 4న ఇక్కడి నుంచి లేచిన విమానంలో కెనడాకు చెందిన లియొనార్డ్ బర్చల్ హిందూ మహాసముద్రంలో జపాన్ నౌకాదళాన్ని కనిపెట్టి కొలంబోకు హెచ్చరిక పంపాడు. మరునాడు కొలంబో మీద దాడి జరిగింది. అదే దండయాత్రలో ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. కాకినాడ నుంచి బళ్ళు కట్టుకుని జనం తమ ఊరికి తరలిరావడం గురించి తాతయ్య చెప్పిన కబుర్లు అమ్మకు గుర్తున్నాయి. తెడ్డు ఆపి, నీళ్ళ వంక చూస్తూ ఆవిడ అదంతా చెప్పిన పది నిమిషాలు ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండవు.

తిమింగలాల పడవ ఈ విహారంలో అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే నిరాశ కలిగించినది. మిరిస్స రేవు నుంచి ఉదయం ఆరున్నరకు బయలుదేరుతాయి. ఇక్కడ ఖండపు అంచు తీరానికి బాగా దగ్గరగా వచ్చి, కొద్ది దూరంలోనే సముద్రం చాలా లోతుకు దిగుతుంది. అందువల్ల నీలి తిమింగలాలు ఒడ్డుకు ఇంత సమీపంలో కనిపిస్తాయి. అదే నీటి గుండా ప్రపంచంలోకెల్లా రద్దీగా ఉండే నౌకామార్గాల్లో ఒకటి సాగుతుంది, పెద్ద ఓడలు ఢీకొని తిమింగలాలు చనిపోవడం అక్కడి శాస్త్రజ్ఞుల పాత ఆందోళన. మేము ఎక్కిన పడవలో సిబ్బంది అమ్మ చేయి పట్టుకుని, ఆవిడను ఒక్క మాటైనా అడగకుండా, కింది అంతస్తులో ఇంజను పక్క బల్ల మీద కూర్చోబెట్టారు. “ఆంటీకి పైన కష్టం” అని నాకు చెప్పారు. పడవలో వాంతులు రాకుండా ఉండాలంటే గాలి తగిలే చోట, దిగంతం కనిపించేలా కూర్చోవాలి. డీజిలు వాసన కొట్టే మూల అన్నిటికంటే చెడ్డ చోటు. అరగంటలో అమ్మకు కడుపులో తిప్పింది. పైకి తీసుకుపోయి, అల్లం ముక్క నోట్లో పెట్టుకున్నాక గానీ కుదుటపడలేదు.

తిమింగలం కనిపించింది. ముందు దూరాన తొమ్మిది మీటర్ల ఎత్తున ఆవిరి స్తంభంలా ఊపిరి లేచింది, తర్వాత బూడిద నీలి రంగు వీపు ఎంతకీ అయిపోకుండా జారుతూ పోయింది. ఆ క్షణం మాత్రం డబ్బుకు తగినదే. కానీ చూస్తుండగానే మరో ఎనిమిది పడవలు మూడు వైపుల నుంచీ చుట్టుముట్టాయి. ఎంత దూరంలో ఉండాలో నిబంధనలు ఉన్నాయి. మా పడవ వాటిని పాటించలేదు, ముందు నిలవాలని పందెం కట్టినట్టు దూసుకుపోయింది. తిమింగలం తోక పైకెత్తి లోతుకు వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. “ఇంతమంది చుట్టూ మూగితే ఎవరికైనా దణ్ణం పెట్టి మునిగిపోవాలనే ఉంటుంది” అన్నది అమ్మ. మూడు గంటలన్న యాత్ర అయిదు గంటలు సాగింది. వెళ్ళదలచినవారు పడవ ఎక్కకముందే రెండు విషయాలు అడగాలి: జంతువుకు ఎంత దూరంలో ఇంజను తగ్గిస్తారు, పెద్దవారు ఎక్కడ కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తారు. సూటిగా జవాబు చెప్పని పడవను వదిలేయడం మేలు.

స్నార్కెలింగ్‌కు ఉనవటున పక్కన రుమస్సల కొండ కింద ఉన్న జంగిల్ బీచికి తీసుకెళ్ళారు. హనుమంతుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే ఒక ముక్క జారి ఇక్కడ పడిందని స్థలపురాణం. ఉనవటున అన్న పేరుకు కూడా ‘పడిపోయింది’ అన్న అర్థం వచ్చేలా వారు వ్యుత్పత్తి చెబుతారు. చిన్నప్పటి నుంచి విన్న కథలోని కొండ కాలి కింద ఉందనగానే అమ్మ చెప్పులు విడిచింది. కొండ పైనుంచి తీరానికి దిగే దారి ఎగుడుదిగుడు మెట్లు, వేళ్ళు, రాళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి దిగడానికి అరగంట పడుతుంది, చేతికర్ర తప్పనిసరి. ఇది పట్టికలో ఎక్కడా రాయలేదు. గాలె వైపు నుంచి చిన్న పడవలో కూడా రావచ్చని దిగిన తర్వాత తెలిసింది.

నీళ్ళలో కళ్ళద్దాల మాస్కు, నోటి గొట్టంతో ఊపిరి తీయడం ఈత వచ్చినవారికే మొదట కష్టం, ఎందుకంటే నీట మునిగితే ఊపిరి బిగబట్టడం వారికి ఒంటబట్టిన అలవాటు. అమ్మ మూడుసార్లు నీళ్ళు మింగి, నాలుగోసారి కుదుర్చుకున్నది. లైఫ్ జాకెట్ ఒక సైజే తెచ్చారు, అది మెడ దాకా ఎగదన్నింది. పగడాలు చాలావరకు బూడిద రంగు దిబ్బలుగా మిగిలాయి; 1998లో సముద్రం వేడెక్కినప్పుడు శ్రీలంక చుట్టూ పగడాలు పెద్దయెత్తున తెల్లబడి చనిపోయాయి, వాటి జాడ ఇప్పటికీ కనిపిస్తుంది. అయినా చారల చేపలు, చిలకముక్కు చేపలు ధారాళంగా ఉన్నాయి. సంస్థ ఫోటోలో ఉన్న రంగురంగుల పగడపు తోట ఈ తీరానిది కాదని మాత్రం నిశ్చయంగా చెప్పగలను.

తిండి విషయంలో తెలుగువారికి కొత్త అనిపించేది తక్కువ. పొద్దున గిన్నె ఆకారపు అప్పాలు, మధ్యలో గుడ్డు కొట్టిపోసినవి. ఇడియాప్పం, కొబ్బరిపాలతో పప్పు, కొబ్బరి తురుములో ఎండుమిర్చీ నిమ్మరసం కలిపి నూరిన పోల్ సంబోల్. అమ్మ శనివారం నీచు ముట్టదు. ఆ ఉదయం పోల్ సంబోల్ రెండోసారి వడ్డించుకున్న తర్వాత, అందులో ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారని తెలిసింది. కూరగాయల కూరల్లో కూడా ఇది రుచి కోసం పడుతుంది, అడిగితే “చేప కాదు, పొడి” అంటారు. శాకాహారులు “ఉంబలకడ వద్దు” అన్న మాట ముందే నేర్చుకుని వెళ్ళాలి. మిగతా రోజుల్లో అంబుల్ తియల్ తిన్నాము: ట్యూనా ముక్కలను గొరక అనే పుల్లటి ఎండు కాయతో, మిరియాలతో నీరు ఇగిరేదాకా వండే నల్లటి కూర, దక్షిణ తీరపు ప్రత్యేకత. మన ఇగురు తెలిసిన నాలుకకు వెంటనే పడుతుంది. మట్టి మూకుడులో గడ్డపెరుగు మీద జీలుగు చెట్టు నీరా కాచి తీసిన పాకం పోసి ఇస్తారు. అమ్మ దానికి రోజూ రెండు పూటలా హాజరు వేసింది.

గాలె కోటకు సంస్థ కారు వద్దని రైలులో వెళ్ళాము, అది మంచి నిర్ణయం. పోర్చుగీసువారు మొదలుపెట్టి, 1640లో స్వాధీనం చేసుకున్న డచ్చివారు పెంచిన ఆ గోడల మీద సాయంత్రం ఒక గంట నడవవచ్చు. అంచున పిట్టగోడ లేని చోట్లు ఉన్నాయి, చీకటి పడకముందే దిగాలి. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచీ లోపలి వీధుల ధరలు కూడా ప్రపంచ స్థాయికి చేరాయని అనుకోవలసి వస్తుంది. టీ వెలిగమలో తాగి వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో కూడా కొలంబో దాకా రైలే ఎక్కాము. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఎడమ కిటికీ వైపు కూర్చుంటే సముద్రం పట్టాల పక్కనే పరుగెడుతుంది. హిక్కడువ దాటాక పెరలియ వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ అక్కడ ఆగిన రైలును ముంచి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. బండిలో మాటలు ఆ కాసేపు తగ్గాయి. ఎదుటి సీటులోని ముసలావిడ అమ్మ చేతిలో బెల్లం ఉండ పెట్టి, వేలితో కిటికీ బయట చూపించింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.

ధరల గురించి: మన రూపాయికి వారి రూపాయలు మూడుకు పైనే వస్తాయి కనుక తిండి, రైలు చాలా చవక. సర్ఫింగ్ పాఠం విడిగా, తీరానికి వెళ్ళి మాట్లాడుకుంటే ప్యాకేజీలో పడినదానికి సగం కంటే తక్కువే అవుతుందని లెక్కవేశాను. గదీ కారూ మాత్రమే ముందుగా కుదుర్చుకుని, మిగతావి అక్కడికి వెళ్ళి, మనుషులను చూసి ఎంచుకోవడం ఉత్తమం. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పెద్దవారి పాత జబ్బులు దాచకుండా రాయాలి. సర్ఫింగ్ వంటి జలక్రీడలు అందులో వర్తిస్తాయో లేదో విడిగా చూసుకోవాలి, చాలా పాలసీల్లో అవి మినహాయింపుల పట్టికలో ఉంటాయి. ప్రతి రెండు రోజుల పనికీ ఒక రోజు ఖాళీ ఉంచాలి. మాకు ఖాళీ ఒక్క రోజే దొరికింది, ఆ రోజు కావలసింది నాకే.

ఇంటికి వచ్చిన మూడో రోజున సంస్థ అభిప్రాయ పత్రం నాకు పంపింది, అమ్మకు పంపలేదు. అందులో ‘మీ తోడు యాత్రికులు ఆనందించారా?’ అని ఒక ప్రశ్న ఉన్నది. ఫోను అమ్మకు ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అంశానికీ పదికి మార్కులు వేసింది. సర్ఫింగ్‌కు తొమ్మిది, నాలుగో పూట పాఠం పెట్టనందుకు ఒకటి తగ్గించింది. సరస్సుకు ఎనిమిది. బసకు ఎనిమిది, అదీ యజమానురాలికని ప్రత్యేకంగా రాసింది. స్నార్కెలింగ్‌కు అయిదు, తిమింగలాల పడవకు రెండు. చివరన ‘ఇతర సూచనలు’ అన్న గడిలో, మొదట వచ్చిన ఆ కుర్చీ పట్టికను జతచేయించి, దాని కింద ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాల్లో ఎర్ర సిరాతో రాసిన మాటే రాసింది: “సరిదిద్ది మళ్ళీ చూపించాలి.”